ఆ ఇంట్లో పలకని మాట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర తాటివనం పక్కన, కొమురవ్వ అనే ముసలావిడ ఉండేది కన్నా. ఆమె మొగుడు సాంబగౌడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. జుట్టంతా నెరిసినా, నడుముకు చుట్టి చెట్టెక్కే ఆ మోకు తాడు వదల్లేదు.

చెట్టెక్కే ఇంట్లో 'పడటం' అనే మాట పలకకూడదని కొమురవ్వకు అత్తగారు నేర్పింది. గిన్నె పడితే 'దిగింది' అనాలి. వాన కూడా ఆ ఇంట్లో పడదు, వస్తుంది. నలభై ఏళ్ళుగా కొమురవ్వ ఆ మాట నాలుక మీదికే రానివ్వలేదు.

అలా ఉండగా, ఒక పొద్దున మంచం మీంచి గబుక్కున లేచేసరికి ఆమె కళ్ళు తిరిగాయి. నేల మీద కూలబడింది. మొగుడు వచ్చి ఏమైందంటే, ఊరికే కూర్చున్నానంది.

ఆ తర్వాత నెలకు, స్నానం చేసే బండ మీద కాలు జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. గోడ గీసుకుందని చెప్పి పసుపు అద్దుకుంది.

అప్పుడు ఆశా కార్యకర్త సులోచన కాగితం పట్టుకుని వచ్చింది. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా, నడిస్తే తూలుతున్నావా అని అడిగింది. వయసు మళ్ళాక అది మామూలే కదా అని కొమురవ్వ నవ్వేసింది.

"ఈ మధ్య ఎప్పుడన్న పడ్డవా అవ్వా? పడితే చెప్పు. డాక్టరు నీ బీపీ గోలీలు మారుస్తడు. బండ కాడ పట్టుకోను కడ్డీ పెట్టిద్దాం."

కొమురవ్వ వాకిట్లోంచి చూసింది. సాంబగౌడు అప్పుడే చెట్టు కొసన ఉన్నాడు.

"లేదు బిడ్డా," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడిగినా చెప్పలేదు. నాకు ఆమె మీద కోపమే వస్తుంది కన్నా, ఏం చెయ్యను.

ఆ తర్వాత మూడోసారి. చింతపండు వలుస్తూ వలుస్తూ ఒక్కసారి లేచింది. కళ్ళు చీకట్లు కమ్మాయి, కాలు గడపకు తగిలి పక్కకు ఒరిగిపోయింది. తుంటి ఎముక పుటుక్కుమంది. ప్రాణం పోయేంత నొప్పి. అయినా అరవలేదు. అరిస్తే చెట్టు మీది మనిషి అదిరిపోతాడని, కొంగు నోట్లో కుక్కుకుని, ఆయన దిగేదాకా గడప మీదే ఉండిపోయింది.

పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఇంతకుముందెప్పుడైనా పడిందా అని డాక్టరు అడిగాడు. కొమురవ్వ కళ్ళు మూసుకుని, రెండుసార్లు పడ్డానంది. పక్కనే ఉన్న సాంబగౌడు ఆమె మంచం మీదికి వంగాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెట్టు మీదుంటివి."

"చెప్తే నేను చెట్టే ఎక్కకపోదునే," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన మోకు చుట్టి అటక మీద పడేశాడు. మంచం దగ్గర నుంచి స్నానాల బండ దాకా, ఆమె పట్టుకుని నడవడానికి గోడ పొడవునా వెదురు బిగించాడు. చేతికి పేడు గుచ్చుకోకుండా మూడు రోజులు చెక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

రోజూ రేపు నడుస్తానా అని ఆమె అడిగేది. నడుస్తావని ఆయన అనేవాడు. అప్పుడు ఇద్దరూ వేరే వేరే వైపు చూసేవాళ్ళు. ఏడాది గడిచింది. ఆమె లేవలేదు. ఆ వెదురుకు ఇప్పుడు ఆయన ఆమె తడి చీరలు ఆరేస్తున్నాడు.

కథేమో నడుచుకుంటూ కంచికి పోయింది,
కొమురవ్వేమో మంచం మీదే ఉండిపోయింది,
మనం మటుకు మన ఇంటికి. పడుకో నాన్నా.