ఎడమ చేతి దీవెన

"చెల్లెలొచ్చే దారిలో చిట్టి గవ్వలు పరిచితీ, ఒక్కో గవ్వకూ..." ఆపైన ఏదో ఉంది, గుర్తు రాదు. చిన్నప్పుడు నేనూ మా చెల్లెలు లీదియా భీమిలి ఒడ్డున గవ్వలేరుకుంటూ పాడుకునేవాళ్లం.

ఆ లీదియాతో నాకు నాలుగేళ్లుగా మాటల్లేవు. అమ్మ ఆఖరి ఘడియల్లో, చుట్టాలందరి ముందూ, నీళ్ల గ్లాసు నాకు ఎడమ చేత్తో అందించింది. అక్కని కదా నేను! ఇప్పుడేమో కార్డు రాసింది: "ఆదివారం రానా అక్కా?"

అరవై మూడో ఏట అక్షరాలు దిద్దుతున్నదాన్ని. జవాబు నా చేత్తోనే రాయాలని పలక పట్టుకుని కేజియా పంతులమ్మ ఇంటికెళ్లాను. ఆవిడది నా మనవరాలి ఈడు.

"రావద్దు అని ఎలా రాయాలమ్మా?"

"ఎవరికి?"

అంతా చెప్పాను. ఆవిడ ఓ కాగితం మీద 'రావద్దు' అని రాసిచ్చింది. చూసి పలక మీద దిద్దుకున్నాను.

తలెత్తితే గోడకి ఓ బొమ్మ. ఎప్పుడో ఒలందా దేశపాయన, అదే డచ్చాయన, రాగిరేకు మీద గీసి, కాగితం మీద అద్దినదట. బైబిల్లో తప్పిపోయిన కొడుకు ఇంటికి తిరిగొస్తే, తండ్రి గుమ్మం దిగొచ్చి వీపు మీద చెయ్యి వేశాడు. ఎంత వింతో! గొప్పవాళ్లలా లేరు. కొడుకు డొక్కలెండిపోయి, మా రేవులో మూటలు మోసేవాడిలా ఉన్నాడు. పనిమనిషి కిటికీ తలుపు తోసుకుని మరీ చూస్తోంది.

"అయ్యో, తండ్రి ఎడమ చేత్తో దీవిస్తున్నాడేం? ఆ మాత్రం తెలీదా ఒలందావాళ్లకి?"

పంతులమ్మ ఫక్కున నవ్వింది. బొమ్మని పటంలోంచి తీసి, వెనక్కి తిప్పి, కిటికీ దగ్గర ఎండకి పట్టుకుంది. పలచటి కాగితంలోంచి గీతలన్నీ కనిపించాయి. అదే చెయ్యి. ఈసారి కుడిది.

"రేకు మీద ఇలాగే గీశాడు మామ్మగారూ. అద్దేసరికి తిరగబడింది."

బొమ్మ మళ్లీ పటంలో పెడుతూ అడిగింది.

"ఆ రోజు మీ చెల్లెలిగారి కుడి చెయ్యి ఎక్కడుంది?"



"అమ్మ తల కింద," అన్నాను. "నేను నీళ్లు పట్టాలని ఎత్తి పట్టుకుంది. లేకపోతే గుక్క దిగదు కదా."

పలక ఒళ్లో పెట్టుకున్నాను. 'వద్దు' మాత్రం కొంగుతో తుడిచేశాను. 'రా' మిగిలింది. పంతులమ్మకి చూపించాను.

వంగి చూసింది.

"తప్పుల్లేవు మామ్మగారూ."