గాండ్రింపు వినగానే ఎటు పరుగు?

చిలుకలకోన అడవిని ఏలిన పెద్దపులి చచ్చింది. ఇక రాజు వద్దు, మడుగు కాపలాకు మనమే ఒకరిని ఎన్నుకుందామని జంతువులన్నీ గట్టున చేరాయి. మడుగు ఎవరి చేతిలో ఉంటే అడవి వాళ్లది. పులి ఉన్నన్నాళ్లూ ఆ గట్టు మీద కూర్చుని, ఏ లేడి ఎప్పుడు నీళ్లకొస్తుందో దానికి చేరవేసింది నక్కే. ఆ కొలువు వదులుకోవడం దానికి సుతరామూ ఇష్టం లేదు.

అందుకే ముందుగా గొంతు సవరించుకుంది.

“పోయినాయన సంగతి ఎందుకులెండి! అసలు తగవు కొమ్ములది. కొమ్ములున్నవాళ్లొక పార్టీ, లేనివాళ్లొక పార్టీ. కుందేలు బావా, దుప్పి కుమ్మితే నీ బొరియ కూలిందా లేదా?”

“కూలింది!” కుందేలు చెవులు నిక్కించింది.

“నడిదారిలో తవ్వమని నీకెవరు చెప్పారు?” దుప్పి కాలు దువ్వింది.

అంతే, అడవి రెండుగా చీలింది. కొమ్ములు లేనివే ఎక్కువ. వాటి ముందు నిలబడి నక్క మీసం దువ్వుకుంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే మరి!

ముసలి గేదె బోదమ్మ మాత్రం కదల్లేదు.

“అత్తా, నీకు కొమ్ములున్నాయిగా, అటు నడు,” అంది నక్క.

“పోతాలే అల్లుడూ, తొందరేముంది?” అంటూ బోదమ్మ ఈతపొద వైపు తల ఊపింది.

మరుక్షణం పొదలోంచి పులి గాండ్రింపు వినిపించింది!

కొమ్ములున్నవీ లేనివీ ఒక్కటిగా కొండవైపు దౌడు తీశాయి. బోర్లాపడిన కుందేలును దుప్పే మూతితో లేపి ముందుకు తోసింది. నక్కా, దాని నేస్తం తోడేలూ మాత్రం తోకలు ముడిచి పొద వైపు ఉరికాయి.

“ప్రభువులు బతికే ఉన్నారా!” నక్క కేక కొండంతా మోగింది. “అన్నీ కొండవైపే పోతున్నాయి దొరా! కుందేళ్లు బాగా బలిశాయి. మాకు ఎముకలు మిగిల్చినా చాలు!”

పొదలోంచి గోరువంక బయటికొచ్చి రెక్కలు దులుపుకుంది. ఏ గొంతైనా అచ్చంగా దింపే పిట్ట అది.

కుందేలు వెనక్కి వచ్చింది. “బావా, మా చెల్లెలు నీళ్లకొచ్చిందనీ ఇలాగే చెప్పావా?”

“పాత అలవాటు...” నక్క నసిగింది.

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదు,” అంది బోదమ్మ. “ఇప్పుడు చీలండర్రా! పులి నుంచి పారిపోయినవాళ్లు ఇటు, పులి దగ్గరికి పరుగెత్తినవాళ్లు అటు. ఆ తర్వాత బొరియల గొడవకు మీరు పది పార్టీలైనా నాకేం భయం లేదు.”

మడుగు కాపలా ఇప్పుడు దుప్పిదీ కుందేలుదీ. బొరియ తగవు గట్టు మీదే ఇంకా సాగుతోంది. నక్క మాత్రం అందరూ తాగి వెళ్లాక అడుగున మిగిలిన బురదనీళ్లు తాగి పోతోంది.

నీతి: చీలిక గీత నక్క చేత గీయిస్తే, ఏ పక్క గెలిచినా నక్కే గెలుస్తుంది.