మూట విప్పితే చాలదు

అనగనగా ఒక రాతి రాజ్యం. ఎంత రాతి రాజ్యమంటే, గుర్రం మేయడానికి గడ్డిపరక కూడా మొలిచేది కాదు. గుర్రాలు లేకపోతే ఏం చేస్తారు మరి? కుండలమ్మేవాళ్ల దగ్గర్నుంచి రాజుగారి దాకా అందరూ సైకిలే తొక్కేవారు. ఎదురుగాలికి కిరీటం ఎగిరిపోకుండా రాజు చక్రపాలుడు గడ్డం కింద నాడా కట్టుకునేవాడట!

ఆ రాజ్యంలో మెలికల కొండ మీద మబ్బులవాడ అని ఒక పల్లె. ఆ పల్లెకు మందులు చేరవేసే సైకిలు దళానికి పెద్ద వకుళ.

పోయిన వానాకాలంలో కొండ సగం ఎక్కాక ఆమె సైకిలు గేర్లు బురద చేరి బిగుసుకుపోయాయి. అవి గట్టిగా మూత బిగించిన గేర్లు, తెరిచే దారే లేదు. వకుళ సైకిలును భుజాన వేసుకుని నడిచింది. మందు ఆలస్యమై కొండెమ్మ అవ్వకు చూపు పోయింది. అవ్వ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే వకుళ మనసులో ముల్లై కూర్చుంది.

మళ్లీ మబ్బులు కమ్ముకొస్తున్నాయి. దళానికంతటికీ కొత్త గేర్ల సెట్లు కొనాలని రాజు చాటింపు వేయించాడు. సెట్టంటే మీటలు, చైను, పళ్లచక్రాలు, బ్రేకులు అన్నీ కలిపి అన్నమాట. ముగ్గురు వర్తకులు వచ్చారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. అమ్మేవాడు మూట విప్పి “విప్పాను” అనాలి. కొనేవాడు “చూశాను” అనాలి. ఆ మాట అన్నాక బేరం ఖాయం. రాజైనా వెనక్కి తగ్గడానికి లేదు.

మొదటివాడు సముద్రం అవతలి నుంచి వచ్చిన హేమాంగదుడు. అతని సెట్టు నెమలీకంత తేలిక. మీట నొక్కితే లోపలి బ్యాటరీ బలంతో గేరు తనంతట తనే మారిపోతుంది. రాజు కోట చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. హేమాంగదుడు పట్టుగుడ్డ ముడి లాగి “విప్పాను” అన్నాడు. రాజు నోరు తెరిచాడు.

“ప్రభూ, ఆ మాట అనకండి,” అంది వకుళ. “ఆయన మూట విప్పాడు. సరుకు విప్పలేదు.”

సభంతా గొల్లున నవ్వింది. రాజు గడ్డం కింది నాడా సవరించుకుంటూ, “మా తాతగారి కాలం నుంచీ మూటే కదమ్మా విప్పుతున్నారు,” అన్నాడు.

“మీ తాతగారి కాలంలో మూటలో జొన్నలుండేవి ప్రభూ. మూట విప్పితే సరుకంతా కళ్లముందే. ఇవాళ మూటలో ఇంకో మూట ఉంది.”

మరేం చేద్దామని అడిగాడు రాజు. ఒక్కో సెట్టు మీద గరిటెడు కొండబురద పోయిద్దామని, వర్తకులు తమ చేతులతో విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలని వకుళ చెప్పింది.

హేమాంగదుడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తమ సరుకు విప్పకూడదనీ, చెడితే ఓడెక్కించి పంపితే కొత్తది వస్తుందనీ అన్నాడు. అంతవరకూ వాన ఆగుతుందా అని వకుళ మెల్లగా అడిగింది. అతను పట్టుగుడ్డ మళ్లీ ముడేసుకున్నాడు.

రెండోవాడు రంగధాముడు. అతనిది తీగ లాగితే గేరు మారే సెట్టు. ధైర్యంగా మీట విప్పాడు. విప్పడమైతే విప్పాడుగానీ, లోపలున్న బుల్లి స్ప్రింగు టింగున ఎగిరి మంత్రిగారి తలపాగాలో దూరింది. తలపాగా దులిపి తీశారు. అది ఎక్కడ కూర్చోవాలో మాత్రం అతనికి తెలియలేదు. బిగించడం తమ ఊళ్లో ఒక్క ముసలాయనకే వచ్చునట!

మూడో వర్తకురాలు ఓబులమ్మ. మూట మీద చెయ్యేసి ముందే చెప్పింది.

“ప్రభూ, నాది ఉక్కు సరుకు. బరువు. కొండ ఎక్కడంలో వాటికన్నా వెనకే. పైగా కటకటమని ఒకటే చప్పుడు. పళ్లూ అరుగుతాయి. అరిగినదొక్కటి మార్చుకుంటే చాలు, అంతే నేను చెప్పగలిగింది.”

“తన మజ్జిగ పులుపని చెప్పుకునేదాన్ని ఇప్పుడే చూస్తున్నాను,” అన్నాడు రాజు.

“తాగాక మీరు చెప్పేకంటే ముందు నేను చెప్పడం మేలు కదా బాబూ!”

బురద పోశాక ఓబులమ్మ నట్లు తిప్పే ఒకే ఒక తాళంతో అన్నీ విప్పింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచింది, బిగించింది. తరవాత ఆ తాళం రాజు చేతికే ఇచ్చింది. రాజు కింద చతికిలబడి, ముక్కుకు మసి అంటించుకుని, తనే విప్పి తనే బిగించాడు. చైను తిరిగింది. రాజు లేచి నిలబడి, “చూశాను,” అన్నాడు.

వానలు వచ్చాయి. మబ్బులవాడలో మళ్లీ జ్వరాలు. వకుళ మందుల సంచీతో బయలుదేరింది. పోయినేడు ఆగిన మలుపులోనే గేర్లు మళ్లీ బురదతో బిగిశాయి. ఉక్కయితే మాత్రం బురద ఊరుకుంటుందా? కానీ ఈసారి ఆమె సైకిలును భుజానికెత్తుకోలేదు. బండ చాటున బోర్లా పెట్టింది. తాళం తీసింది, విప్పింది, వాననీళ్లతోనే కడిగింది, బిగించింది. మళ్లీ ఎక్కింది.

పైన గుడిసెలో కొండెమ్మ అవ్వ, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వానజోరులో ఎవరికీ ఏమీ కనిపించడం లేదు. అవ్వ చెవి రిక్కించింది.

“దీపం పెట్టండే,” అంది. “కటకటమంటూ మందు వస్తోంది.”

సరుకుకైనా మనిషికైనా, దాపరికం లేకుండా విప్పి చూపగలగడమే అసలైన మన్నిక.