మేడ మీద మగ్గం

అనగనగా, రాజులు ముందు ఊళ్ళు కట్టి ఆ తర్వాత మనుషుల్ని వెతుక్కునే రోజుల్లో, పేకలపాడు అనే ఊళ్ళో మార్కండయ్య అనే నేతగాడు ఉండేవాడు. అతనిలో ఒక గొప్ప సుగుణం ఉంది. తనంత వినయవంతుడు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేడని అతని గట్టి నమ్మకం. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

"నేను సొంత తెలివి వాడనండీ. ఏ పనికైనా ముగ్గుర్ని అడుగుతాను," అనేవాడు.

అలా వాడకుండా దాచడం వల్ల అతని తెలివి నలగకుండా, మాయకుండా, కొత్తదిగానే ఉండిపోయింది.

ఒకనాడు వీధిలో దండోరా మోగింది.

"వినండహో! మహారాజుగారు కొత్త నగరం కట్టించారు. పరివారమంతా అక్కడికి తరలిపోతోంది. పనివాళ్ళకు ఇళ్ళు ఉచితం. పౌర్ణమిలోగా రానివాళ్ళకు ఇల్లు లేదహో!"

మార్కండయ్య వింటూనే నేత ఆపేశాడు. అతని చీరలు కొనేది రాజపరివారమే. వాళ్ళు పోతే ఇక్కడ కొనేవాళ్ళుండరు. తాను పోతే అక్కడ తెలిసినవాళ్ళుండరు. పోవాలా? ఉండాలా? పోతే ఎలా పోవాలి? పౌర్ణమి ఇంకా పద్నాలుగు రోజులుంది. అతని మనసు మగ్గం మీద నాడెలాగా ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పరుగెత్తింది. గుడ్డ మాత్రం బెత్తెడైనా నేయలేదు.

భార్య భద్రమ్మ గడపలో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆమెను దాటుకుని సలహా అడగడానికి బయలుదేరాడు.

మొదట కనకలింగం శెట్టి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కొత్త నగరంలో ఒక అంగడి తెరిచి వచ్చాడు.

"శెట్టిగారూ, నన్ను వెళ్ళమంటారా?"

"ఇంకా అడుగుతావేమిటయ్యా! తలుపు తీయడమే ఆలస్యం, జనం లోపలికొచ్చి పడుతున్నారు. లే, మూట కట్టు!"

మార్కండయ్య ఇంటికి వచ్చి మగ్గం విప్పేశాడు. నిలువు దారాల పడుగు చుట్టాడు, చెక్కలు కట్టలు కట్టాడు. బండి మాట్లాడదామని ఎర్రన్న దగ్గరికి వెళ్ళాడు.

"కొత్త నగరమా?" అన్నాడు ఎర్రన్న. "నీకేమైనా పిచ్చా బావా? వీధులన్నీ రాళ్ళు పరిచారు. చక్రాలు అరిగిపోతాయి. ఎద్దుల గిట్టలు జారతాయి. కదలకు!"

మార్కండయ్య ఇంటికి వచ్చి మళ్ళీ మగ్గం బిగించాడు. ఆ తొందరలో పడుగు దారాలు కాస్త పెనవేసుకున్నాయి. పోనీలే అనుకుని కూర్చున్నాడు.

మగ్గం కింద నేలలో గుంట ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మార్కండయ్య కాళ్ళు దించగానే కిందనుంచి ఒక గొంతు వినిపించింది.

"మెల్లగా మామా! నా నెత్తిమీద కాలు పెడుతున్నావు!"

చూస్తే ఒక కప్ప.

"క్షమించు. నాకు వినయం ఎక్కువ, నిన్ను కూడా అడుగుతాను. నేను వెళ్ళాలా, ఉండాలా?"

"సరైనవాళ్ళనే అడిగావు. బావిలో ఉండే మావాళ్ళకు లోకం తెలీదు. నేను మగ్గం గుంటలో కప్పను. విను. నేను సగం నీళ్ళలో, సగం నేల మీద బతకడం లేదూ? నువ్వూ సగం వెళ్ళు, సగం ఉండు!"

మార్కండయ్యకు ప్రాణం లేచివచ్చింది. ఎవరినీ నొప్పించనక్కరలేదు! మళ్ళీ మగ్గం విప్పాడు. సగం చెక్కలు వీధిలో పెట్టాడు, సగం ఇంట్లో ఉంచాడు. తానూ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి గడప మీద నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"నాలో ఏ సగం వెళ్ళాలో ఆ కప్ప చెప్పలేదే!"

అప్పటికి ఆరు రోజులు గడిచాయి. మూడు సలహాలకూ విప్పి, బిగించి, మళ్ళీ విప్పేసరికి పడుగంతా గంపెడు చిక్కయి కూర్చుంది. మార్కండయ్య ఉక్రోషంతో ఒక దారం పట్టి లాగాడు.

"లాగకయ్యా!" అంది భద్రమ్మ. "చిక్కును లాగితే ముడి పడుతుంది. కొస దొరికేదాకా చూడాలి. ఇలా ఇవ్వు."

ఆ చిక్కును ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా వెతుకుతూ అంది:

"శెట్టి తన అంగడి చూసుకుని వచ్చాడు. ఎర్రన్న తన చక్రాలు చూసుకుని వచ్చాడు. కప్ప ఎక్కడికీ వెళ్ళనే లేదు. సరే, మగ్గాన్ని బండిలో వేస్తావు. గుంటను ఏ బండిలో వేస్తావు?"

మార్కండయ్య గుంట వంక చూశాడు. ఇరవై ఏళ్ళుగా అందులో కాళ్ళు దించుతున్నాడు. దాని ఊసే తోచలేదు.

భద్రమ్మ గుంట అంచు నుంచి అడుగుదాకా ఒక తాడు కొలిచి తెంపింది.

"మగ్గం ఇక్కడే ఉండనీ. ముందు నువ్వూ ఈ తాడూ వెళ్ళి చూసి రండి."

రెండు రోజులు నడిచి కొత్త నగరం చేరాడు. వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మూడుసార్లు దారి తప్పి, తప్పిన ప్రతిసారీ అదే వీధిలో తేలాడు. చివరికి ఇళ్ళు పంచే అధికారి అతణ్ణి ఒక మేడ మీదికి తీసుకువెళ్ళాడు.

"చూడు! ఎంత గాలి! ఎంత వెలుతురు!"

అక్కడ ముందే వచ్చిన నేతగాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళ మగ్గాలు గోడవార కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"బాగుందండీ," అన్నాడు మార్కండయ్య తాడు చూపిస్తూ. "ఇంత గుంట ఎక్కడ తవ్వుకోమంటారు?"

"గుంటా? ఇక్కడ తవ్వితే కింద వంటవాడి చారులో పడతావు!"

"మరి మీరంతా ఏం చేస్తున్నారు?" అని నేతగాళ్ళను అడిగాడు.

"వచ్చి వారమైంది అన్నా," అన్నాడు ఒకడు. "పులి-మేక ఆట బాగా వచ్చేసింది."

అందరూ గొల్లుమన్నారు. ఆ దారిన పోతున్న రాజుగారు ఆ నవ్వు విని పైకి వచ్చాడు. సంగతి విని తాడు వంక చూశాడు.

"ఇంత నగరం కట్టించాను. నేతగాడి కాళ్ళ సంగతి నాకు తోచలేదు. నీకేం కావాలి?"

"మేడ వద్దు ప్రభూ. కోటగోడ పక్కన, ఈ తాడంత లోతు మెత్తని మట్టినేల చాలు. నాకూ, వీళ్ళకూ."

"అలాగే. ఈ తెలివి ఎవరిది?"

'నా వినయానిది' అనే మాట మార్కండయ్య నాలుక చివరిదాకా వచ్చింది. తాడు వంక చూసి మింగేశాడు.

"మా ఇంటిదానిది ప్రభూ. నేను అడగలేదు. తనే చెప్పింది."

పౌర్ణమికి ఒక రోజు ముందే భార్యాభర్తలు మగ్గంతో సహా తరలివచ్చారు. కప్పను తడిగుడ్డ చుట్టిన కుండలో తెచ్చారు. అది దారిపొడుగునా సగం లోపల, సగం బయట కూర్చుని ఊరు చూసింది. కొత్త గుంట తవ్వాక మార్కండయ్య అంచున కూర్చుని కాళ్ళు దించాడు. కింద తొక్కే చెక్కలకు సరిగ్గా అందాయి. ఆ తర్వాత నెలరోజులు వీధుల్లో దారి తప్పి పక్కింట్లో దూరుతూనే ఉన్నాడు గాని, కాళ్ళు మాత్రం తమ చోటు ఎప్పుడూ తప్పలేదు.

మరుసటి ఏడు ఇంటికి పెరటి తలుపు ఎటు పెట్టాలా అన్న ఆలోచన వచ్చింది. మార్కండయ్య శెట్టిని అడిగాడు, పాత ఊరి నుంచి వచ్చిన ఎర్రన్నను అడిగాడు, కప్పను అడిగాడు. ఆ తర్వాత, తలుపు భుజాన మోస్తూ, భద్రమ్మను అడిగాడు.

కొత్త చోటికి వెళ్ళేముందు ఎంతమందిని అడిగినా, అక్కడ మన కాళ్ళు ఆనే నేల ఉందో లేదో మనమే వెళ్ళి చూసుకోవాలి. ఈ నీతిని మార్కండయ్య అందరికీ వినయంగా చెబుతూ ఉంటాడు. అడగవలసిన మనిషిని ముందుగా అడగడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.