రాజుగారి దగ్గూ, వెండి పీటా

ఎప్పటి మాటో, ఏ దిక్కు మాటో అడక్కండి గాని, పొగడకోట అని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే అయినా దాన్ని ఏలే మల్లభూపతికి ఉన్నన్ని బిరుదులు చక్రవర్తులకు కూడా లేవు. గెలిచిన యుద్ధానికి ఒక బిరుదు, జరగకుండా తప్పిపోయిన యుద్ధానికి ఒక బిరుదు, తోటలో పాము కనిపిస్తే కేక పెట్టనందుకు ఇంకొక బిరుదు.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. రాజుగారు కొలువు తీరగానే తలుపులూ కిటికీలూ మూసేవారు. భట్రాజు లేచి బిరుదులు చదివేవాడు. ఒక్కొక్క బిరుదుకు ఒక్కొక్క పిడికెడు సాంబ్రాణి సింహాసనం కుడిపక్కనున్న కుంపట్లో పడేది. అన్నీ చదివేసరికి సింహాసనం దగ్గర ఎవరి ముఖం ఎవరికీ ఆనేది కాదు. "బిరుదులు కాస్త ఎక్కువయ్యాయేమో ప్రభూ" అని నోరు జారిన ఒక ముసలి మంత్రిని రాజుగారు సరిహద్దుకు పంపి, సంతకు వచ్చే మేకల మీద సుంకం వసూలు చేసే పని అప్పగించారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అలాంటి రాజుగారికి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. మొదలైతే ఆగదు. మాట సగంలో తెగిపోతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నెలలు గడిచినా వదలకపోయేసరికి సోమయాచార్యులనే కొత్త వైద్యుణ్ణి పిలిపించారు.

ఆచార్యులవారు నాడి చూశారు. "జ్వరం వస్తోందా ప్రభూ? కఫంలో నెత్తుటి చార ఏమైనా కనిపించిందా? ఒళ్ళు తగ్గిందా? నిద్రలో చెమటలు పడుతున్నాయా?" అని అడిగారు. అన్నిటికీ లేదనే జవాబు. "అయితే ప్రాణభయం లేదు" అన్నారు. అంతవరకు వైద్యం చక్కగానే నడిచింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన రాజుగారి మీసం వంక చూసి ఇలా అన్నారు:

"ఇది మామూలు దగ్గు కాదు ప్రభూ. దీన్ని రాజకాసం అంటారు. రాజరక్తం ఉన్నవారికి తప్ప ఇతరులకు రానే రాదు."

రాజుగారు పొంగిపోయారు. ఆనాటి నుంచి దర్జాగా దగ్గసాగారు. అడ్డసరం ఆకు కషాయం, పిప్పళ్ళూ తేనే కలిపిన లేహ్యం బంగారు గిన్నెల్లో వచ్చేవి. దగ్గు తగ్గలేదు గాని ఆచార్యులవారి పరపతి పెరిగింది. ఆయనకు సింహాసనం కుడిపక్కన వెండి పీట వేయించారు.

ఆ వెండి పీట అంతకుముందు అక్కిభట్టుది.

అక్కిభట్టు ఆ సభలో మాటకారి. రాజుగారికి నవ్వు రావాలంటే అతనే కావాలి. ఏళ్ళ తరబడి ఆ పీట మీద కూర్చున్నవాణ్ణి ఒక్క మాటతో లేపి తలుపు దగ్గరి స్తంభం పక్కన చాప మీద కూర్చోబెట్టారు. అతని కడుపు రగిలిపోయింది. ఆచార్యులు పీట మీద కాలు మీద కాలు వేసుకుంటే ఒళ్ళు మండేది. రాజుగారు ఆయనవైపు వంగి మాట్లాడితే అన్నం సయించేది కాదు. ఆయన ఎప్పుడు వస్తున్నాడు, ఏం తింటున్నాడు, ఎన్నిసార్లు ఉత్తరీయం సర్దుకుంటున్నాడు, అన్నీ కళ్ళప్పగించి చూసేవాడు. అది మంచి బుద్ధి కాదని అతనికి తెలుసు. తెలిసీ చూసేవాడు.

ఒకనాడు సభలో ఆచార్యులు లేహ్యం మహిమ వర్ణిస్తుంటే అక్కిభట్టు ఉండబట్టలేక, "అంత మహిమే ఉంటే దగ్గు పోవాలి గదా ఆచార్యులవారూ? గిన్నెలు ఖాళీ అవుతున్నాయి గాని దగ్గు నిండుగానే ఉందే!" అన్నాడు.

సభ కిసుక్కున నవ్వింది. ఆచార్యులకు ముఖం ఎర్రబడింది. "అయితే భట్టుగారే కుదర్చాలి. మాటలు చెప్పడం కాదు!"

రాజుగారికి కూడా మీసం అదిరింది. తన దగ్గు గురించి ఎవరో నవ్వడం ఆయనకు నచ్చలేదు. "సరే అక్కిభట్టూ! రేపటి సభలో నా దగ్గు సంగతి నువ్వే తేల్చు. తేల్చలేకపోతే నీకు చాప కూడా ఉండదు, కోటలో చోటూ ఉండదు."

అక్కిభట్టు తలవంచుకుని సభ దాటాడు. ఇంటికి వెళ్ళి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆచార్యుల్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన నడక తిట్టాడు, తలపాగా తిట్టాడు, దగ్గుతూ కూడా ఆ పీట వదలడని తిట్టాడు.

భార్య వెంగమాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చి, "ఇంతసేపు గుక్క తిప్పుకోకుండా తిట్టారు, ఒక్కసారైనా దగ్గలేదేమండీ?" అంది.

"నేనెందుకు దగ్గుతానే?"

"అదేమిటండీ! ఆ వెండి పీట మీద కూర్చున్నన్నాళ్ళూ ఇల్లు అదిరేలా దగ్గారు గదా. తాంబూలం పడలేదని సున్నం మార్చాను, వక్క మార్చాను. ఈ మధ్య ఆ ఊసే లేదు."

అక్కిభట్టు మజ్జిగ కింద పెట్టేశాడు. తను పీట దిగాక దగ్గు పోయింది. ఆచార్యులు పీట ఎక్కాక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు, రాజుగారి లేహ్యం చాటుగా తనూ నాకుతున్నాడు. వేటకు వెళ్ళినప్పుడు రాజుగారు దగ్గిన పాపాన పోలేదు. అంటే పీట పక్కనున్న కుంపటి! అతనికి గంతులేయాలనిపించింది. అంతలోనే సరిహద్దులో మేకలు గుర్తొచ్చాయి. బిరుదుల పొగ వల్లే దగ్గు అని రాజుగారితో అనేదెవరు? తను అనకూడదు. అనేవాడు వేరే ఉండాలి.

మర్నాడు సభలో అక్కిభట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, వైద్యానికి ముందు ఒక్క మనవి. ఏలినవారి బిరుదులు చదివేటప్పుడు ఆ వైభవం మేమంతా చూశాం. చూడనిది తమరొక్కరే."

"అదేమిటయ్యా?"

"తమరు సింహాసనం మీద ఉంటారాయె! దూరం నుంచి చూస్తే గదా దాని అందం తెలిసేది. ఈ ఒక్క పూట సింహాసనం మీద కిరీటం ఉంచి, తమరు నా స్తంభం దగ్గర నిలబడి కళ్ళారా చూడండి. గాలికి తలుపు ఒక రెక్క తెరిచి ఉంచుతాం. కిరీటానికి తోడుగా ఆచార్యులవారు ఎలాగూ పీట మీద ఉంటారు. అంతటివారు అక్కడ కూర్చుంటారు గనుక ఇవాళ బిరుదుకు రెండేసి పిడికిళ్ళు వేయిద్దాం."

ఈ ఆలోచన తనకే ఎందుకు రాలేదా అనుకున్నారు రాజుగారు. ఆచార్యులు అక్కిభట్టు వంక గర్వంగా చూసి పీట మీద సర్దుకు కూర్చున్నారు.

భట్రాజు గొంతెత్తాడు. సాంబ్రాణి పడింది. రాజుగారు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క బిరుదుకూ తల ఊపుతూ మురిసిపోయారు. పీట దగ్గర ఆచార్యులు మొదట ఉత్తరీయం నోటికి పెట్టుకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. పాము బిరుదు వచ్చేసరికి వంగిపోయి, పీట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ దగ్గసాగారు. భట్రాజు చదవడం ఆపేశాడు.

"ఇది ఏ దగ్గు ఆచార్యులవారూ?" అని అడిగాడు అక్కిభట్టు వినయంగా. "పొడిగా ఉంది, మాట తెగిపోతోంది, కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. లక్షణాలన్నీ రాజకాసంవే!"

ఆచార్యులు చేతులు అడ్డంగా ఊపారు. దగ్గు ఆగలేదు.

"ప్రభూ, రాజకాసం రాజరక్తం ఉన్నవారికి తప్ప రాదని వారే సెలవిచ్చారు. వీరు ఏ సింహాసనం కోసం ఇక్కడికి వచ్చారో విచారించాలేమో."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. ఇద్దరు భటులు కత్తుల పిడుల మీద చేతులు వేశారు. ఆచార్యులు పీట మీంచి దూకినంత పని చేశారు.

"అయ్యో ప్రభూ! రాజరక్తమూ లేదు, రాజకాసమూ లేదు! పొగ! ఈ సాంబ్రాణి పొగ! ఇక్కడ ఏనుగును కట్టేసినా దగ్గుతుంది!"

ఆ మాట అనేశాక ఆచార్యులే చేత్తో నోరు మూసుకున్నారు. రాజుగారు కుంపటి వంక చూశారు. ఆచార్యుల వంక చూశారు. గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా గాలి పీల్చారు. సభ మొదలైనప్పటి నుంచి తను ఒక్కసారి కూడా దగ్గలేదని అప్పుడు తెలిసింది.

ఆయన నవ్వారు. ముందు నెమ్మదిగా, తర్వాత పొట్ట పట్టుకుని. నెలల తర్వాత ఆ నవ్వు దగ్గులో పడకుండా చివరిదాకా సాగింది.

"తలుపులన్నీ తీయండి! కుంపటి బయట పారేయండి. ఇకమీద బిరుదుకు ఒక పువ్వు చాలు!"

బిరుదులు తగ్గిస్తానని మాత్రం అనలేదు. ఆ బిరుదుల దగ్గు ఎవరూ కుదర్చలేరు.

"పొగ మానినా దెబ్బతిన్న గొంతు వెంటనే కుదురుకోదు ప్రభూ. కొన్నాళ్ళు కషాయం పుచ్చుకోవాలి" అన్నారు ఆచార్యులు బెదురుతూ.

అది నిజమేనని అక్కిభట్టు కూడా ఒప్పుకున్నాడు, కాస్త కష్టపడి.

"ఇంతమందికి కనిపించనిది నీకెలా కనిపించిందయ్యా?" అని అడిగారు రాజుగారు.

"తెలివితేటలు కావు ప్రభూ, కడుపుమంట. ఆ పీట పోయినప్పటి నుంచి ఆచార్యులవారి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. వారు తుమ్మినా నాకు లెక్కే."

రాజుగారు మళ్ళీ నవ్వి, వెండి పీట అతనికి తిరిగి ఇప్పించారు. తన చేతి బంగారు కడియం తీసి తొడిగారు. నిజం ఒప్పుకున్నందుకు ఆచార్యులకు పట్టు శాలువా కప్పి, ఎడమపక్కన ఇంకొక పీట వేయించారు.

అక్కిభట్టు కడియం తిప్పుకుంటూ తన పీట మీద కూర్చున్నాడు. అయినా చూపు అటే పోయింది.

"ఏమయ్యా, ఇంకా ఏమిటా చూపు?" అన్నారు రాజుగారు.

"ఏమీ లేదు ప్రభూ. ఆ శాలువా జరీ అంచు కాస్త వెడల్పేమో అని."

రాజుగారి నవ్వుకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. అదే నేత శాలువా ఇంకొకటి తెప్పించి అతని భుజాన వేయించారు. అక్కిభట్టు వంగి దణ్ణం పెట్టాడు. పెట్టాక, ఆచార్యుల పక్కకు వెళ్ళి, రెండంచులూ జేనతో కొలిచి చూసుకుని మరీ ఇంటికి బయల్దేరాడు.