మూడుసార్లు చెప్పిన మాట

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, మణిమంతపురాన్ని ఏలే రాజుగారొకరు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది పిల్లలూ: రాజు మాట ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే రాజుకు చిన్నతనం, రెండోసారి అడిగితే అడిగినవాడికి కొరడా దెబ్బలు. అందుకని అర్థం కాకపోయినా అందరూ "చిత్తం" అనేసి, ఇంటికెళ్లి తలలు పట్టుకునేవారు.

ఒకరోజు ధూమ్రాక్షుడనే మాంత్రికుడు వేటకెళ్లిన పెద్ద రాకుమారులిద్దరినీ రాళ్లుగా మార్చేశాడు. నెలలోగా మాంత్రికుడు చావకపోతే వాళ్లిక ఎప్పటికీ రాళ్లే. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలక దగ్గరుందని, దాని పంజరం తాళంచెవి చెరువు అడుగున ఉందని తెలిసి, చిన్నవాడు హేమాంగదుడు బయలుదేరాడు. దారిలో ఆపదలో ఉన్న మూడు ప్రాణులను కాపాడాడు. రెండు తలల గండభేరుండం, ఒక ముసలి తాబేలు, ఒక ఉడుత. మూడూ అతని వెంట వచ్చాయి.

గండభేరుండం అందరినీ వీపున మోసి ఏడు సముద్రాలూ దాటించింది. అవతల దీవిలో ఒక చెరువు, చెరువు నడుమ మబ్బుల్ని తాకే గాజు స్తంభం, దాని లోపల బంగారు పంజరం, పంజరంలో చిలక. నెల నిండటానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. మాంత్రికుడు మిట్టమధ్యాహ్నం నిద్రపోయే ఒక్క గడియలోనే పని కావాలి.

మొదటి రోజు హేమాంగదుడు రాజకుమారుడి దర్జాతో, "తాళంచెవి చెరువు అడుగున ఉంది. చిలకను పట్టండి" అన్నాడు. గండభేరుండం రివ్వున దూకి స్తంభాన్ని ఢీకొట్టింది. తాబేలు గట్టునే కూర్చుంది. ఉడుత సగం దాకా ఎక్కి దిగి వచ్చేసింది. గడియ గడిచిపోయింది.

రెండో రోజు అవే మాటలు ఇంకా గట్టిగా అరిచాడు. అదే జరిగింది. గొంతు మాత్రం బొంగురుపోయింది.

మూడో రోజు పొద్దున్నే అన్నలు గుర్తొచ్చి అతని గుండె చెరువైంది. ఆచారాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్కరి పక్కనా కూర్చున్నాడు.

"పక్షిరాజా, నా మాట నీకెలా వినిపించింది?"

"మాటలు నాకెక్కవు రాకుమారా. మొత్తం కళ్లకు కట్టాలి."

ఇసుకలో బొమ్మ గీశాడు. పక్షి రెండు తలలూ ఊపింది. "స్తంభానికి కప్పు లేదు. పైన రెక్కలు పరుస్తాను, చిలక ఎటూ పోలేదు."

"నువ్వెందుకు కదల్లేదు తాబేలు తాతా?"

"ముందేది, తర్వాతేది చెప్పలేదు కద నాయనా. ముందు రెక్కలు, తర్వాత తాళంచెవి, ఆ తర్వాత పంజరం తలుపు. వరుస తప్పితే నాకు కాలాడదు."

"మరి నువ్వెందుకు దిగొచ్చావు ఉడుతమ్మా?"

"చిలక ఏడుస్తోంది. పట్టి ఏం చేస్తారు?"

"మెడ నులిమేస్తాను."

"దాని తప్పేమిటి?"

హేమాంగదుడు అన్నల సంగతి చెబుతూ తనూ ఏడ్చేశాడు. ఉడుత తోకతో అతని కన్నీళ్లు తుడిచింది. "దాని మెడలో ఎర్రపూస ఒకటుంది. చిలక ఊపిరి ఒకలా ఉంది, పూస ఇంకోలా కొట్టుకుంటోంది. మాంత్రికుడి ప్రాణం పూసలోనే ఉంది. చిలకను చంపనని మాటివ్వండి."

మాటిచ్చాడు.

మధ్యాహ్నమైంది. ముందు ఆకాశమంత రెక్కలు పరుచుకున్నాయి. తర్వాత తాబేలు తాళంచెవి తెచ్చింది. ఆ తర్వాత ఉడుత చరచరా ఎక్కి, తలుపు తీసి, చిలకను నిమిరి, తాబేలు వీపు మీద గట్టుకు తెచ్చి, మెడలో దారం కొరికింది. కిందపడ్డ పూసను హేమాంగదుడు మడమతో నలిపాడు. మాంత్రికుడు పొగైపోయాడు. గాజు స్తంభం వానై కురిసింది. ఆ వానలో ఉడుత పక్కన చిలక లేదు. తడిసిన జుట్టుతో ఒక రాకుమార్తె నిలబడి ఉంది. పేరు కువలయ. మెడ నులిమేస్తానన్న చేతులను హేమాంగదుడు వెనక్కి దాచుకున్నాడు.

అక్కడ అడవిలో అన్నలు ఆవలిస్తూ లేచారు. పెళ్లి ఆకాశమంత పందిట్లో జరిగింది. పెద్దవాళ్లిద్దరూ తమ్ముడికే పట్టం కట్టమన్నారు. హేమాంగద మహారాజు ఏ ఆజ్ఞయినా మూడు తీరుల చెప్పి, "మీకేమర్థమైంది?" అని అడిగేవాడు.

ఒకసారి ముసలి మంత్రి సణిగాడు: "రాజు మాట ఒక్కసారే ఉండాలి ప్రభూ."

కువలయ మహారాణి తన మెడ తడుముకుంది. "ఒక్కసారే చెప్పి ఉంటే మంత్రిగారూ, ఈ సింహాసనం మీద నేను ఉండేదాన్ని కాదు."

వాళ్లు నూరేళ్లు ఏలారు. ఇప్పుడు చెప్పండి పిల్లలూ, మీకేమర్థమైంది?