ఇత్తయి కోయని మూల

ధర్మశాస్త్రం బోధించే లేవీయుడైన హషబ్యా ఏ ప్రశ్నకూ కూర్చుని జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎటో ఒకవైపు నడిచేవాడు. ఆ నడకంటే శిష్యులకు విసుగు. ఆ ఉదయం ఇత్తయికి మాత్రం విసుగు పడే తీరిక కూడా లేదు.

ఇత్తయి షిలోహు దగ్గరి ఒక ఊరి పెద్దల్లో ఒకడు, ఏడుగురిలోకీ చిన్నవాడు. ఆ ఏట వానలు లేక యవలు పలచగా పండాయి. పొలం మూలలు కోయకుండా పేదలకు వదలాలని ధర్మశాస్త్రం. కరువులో తప్పులేదనుకుని, పెద్దలు ఊరి ద్వారం దగ్గర కూర్చుని మూలలు కూడా కోసుకోమని చాటించారు. కోతలయ్యాక ఈ సంగతి విని యాజకుడు తల పట్టుకున్నాడు. ఊరంతా చేసిన తప్పుకు ఊరందరి తరఫున ఒక కోడెను బలిగా తేవాలనీ, పెద్దలందరూ తప్పు తమదని ఒప్పుకుంటూ దాని తలమీద చేతులుంచాలనీ చెప్పాడు. ఆ బలి ఈ మధ్యాహ్నమే.

"బోధకుడా, ఆ రోజు వద్దన్నది నేనొక్కణ్ణే," అన్నాడు ఇత్తయి. "నా పొలం మూల కోయలేదు కూడా. వాళ్లతో పాటు నా చేయి ఎందుకు పెట్టాలి?"

హషబ్యా చేతికర్ర అందుకుని లేచాడు. "నీ పొలం ఎటు?"

ఇత్తయి గబగబా ముందుకు పోయి, ముసలాయన కోసం ఆగి, మళ్లీ ముందుకు పోయాడు. మాటిమాటికీ బలి జరిగే దేవుని గుడారం వైపు చూశాడు. వాళ్లు తన కోసం కాచుకుని ఉంటారు, లేదా తాను లేకుండానే కానిచ్చేస్తారు. రెండింటిలో ఏది తలుచుకున్నా మనసు నిలవలేదు.

పొలం మూలలో యవలు అలాగే ఉన్నాయి. కంకులు ఎండి విరిగి, గింజంతా నేల రాలింది. పిచ్చుకలు తింటున్నాయి. కోతల తర్వాత ఇత్తయి ఇటు రాలేదు. పేదలు ఏరుకుపోయి ఉంటారనే అనుకున్నాడు.

గట్టు వెంబడి కంపమోపుతో హొగ్లా అనే విధవరాలు వస్తోంది. ఏటా ఈ పొలాల్లోనే కోతల్లో మిగిలిన పరిగె ఏరుకునే మనిషి. ఇత్తయి ఆమెను ఆపాడు.

"ఇది మీ కోసమే వదిలానమ్మా. ఎందుకు ఏరుకోలేదు?"

ఆమె పొలం వైపు చూసింది. "ఈ ఏడు పరిగె లేదని చాటించారు కదయ్యా. అప్పుడు మీరూ వాళ్ల మధ్యే కూర్చున్నారు. పిల్లల్ని తీసుకుని కొండ అవతలికి పోయాను. చిన్నదాన్ని అక్కడి వాళ్లకే వదిలేసి వచ్చాను. ఏదో ఒక పూటైనా తింటుందని."

"నేను వద్దన్నానమ్మా ఆ రోజు."

"ఎవరితోనయ్యా?" అని అడిగింది హొగ్లా, నిజంగానే తెలియక.

ఇత్తయికి ఆ రోజు గుర్తొచ్చింది. పెద్దల మధ్య ఒక్కసారి అన్నాడు. వాళ్లు వినలేదు. చాటింపు అయ్యేదాకా వాళ్ల పక్కనే కూర్చుని, లేచి ఇంటికి వెళ్లి భోంచేశాడు. ఇప్పుడు పాప ఏ ఊళ్లో ఉందో ఆమెను అడిగాడు. రేపు పొద్దున్నే తానే వెళ్లి తీసుకొస్తానన్నాడు. ఆమె ఊరి పేరు చెప్పింది. మోపు సర్దుకుని నడిచింది.

గుడారం దగ్గరకు చేరేసరికి కోడె తల విదిలిస్తోంది. ఆరుగురు పెద్దల చేతులూ దాని నుదుటిమీద ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. వాళ్లలో అందరికంటే పెద్దవాడు ఇత్తయిని చూసి మెత్తగా అన్నాడు, "నువ్వు రానక్కర్లేదులే నాయనా. ఆ రోజు వద్దన్నావు, మాకు గుర్తుంది."

పొద్దుటి నుంచీ ఇత్తయి వినాలనుకున్న మాట అదే. అయినా వెనక్కి పోలేక హషబ్యా వైపు తిరిగాడు.

"బోధకుడా, వాళ్లే వద్దంటున్నారు. అక్కడ చోటు కూడా లేదు."

"జరగమని అడుగు," అన్నాడు హషబ్యా.